అసీల్ పెట్టను వేరే జాతి పుంజుతో క్రాస్ చేయిస్తే తప్పా?

మీ దగ్గర ఒక అసీల్ (మన దేశీ పందెం కోడి జాతి) పెట్ట ఉంది, దానికి తగిన పుంజు దొరకడం లేదు, ఇంట్లో ఉన్న కడక్‌నాథ్ (నల్ల కోడి జాతి) పుంజుతో కలిపితే జాతిని పాడుచేసినట్టా అని అడిగారు.

క్రాస్ చేయించడం తప్పు కాదు. ఆ పిల్లల్ని అసీల్ అని చెప్పి ఇంకొకరి చేతిలో పెట్టడం తప్పు. ఎందుకంటే ఆ అబద్ధం మీ దగ్గర బయటపడదు, కొన్నవాడి ఇంట్లో బయటపడుతుంది. నా ఇంట్లో అలాగే బయటపడింది.

మాది హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ వైపు. ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా, ఒక వేపచెట్టు, నాలుగు గూళ్లు ఉన్నాయి. మూడేళ్ల క్రితం ఒక జోడీ కొన్నాను. డేగ (ఎర్ర రంగు) పుంజు, కాకి (నల్ల రంగు) పెట్ట, రెండూ కలిపి 22 వేలు. అమ్మినవాడు, "అన్నా, నాలుగు తరాల నుంచి మా ఇంట్లోనే ఉన్న నసల్ ఇది, బయటి ఖూన్ చుక్క కూడా కలవలేదు" అన్నాడు. పుంజును చూస్తే ఎవరైనా నమ్ముతారు. నిటారైన మెడ, వెడల్పాటి ఛాతీ, ముత్యాల్లాంటి తెల్లని కళ్లు. ఆ సంక్రాంతి తర్వాత నగర శివారులో జరిగిన ఒక చిన్న షోకి తీసుకెళ్లాను. ఒక్కొక్క పుంజును బల్ల మీద నిలబెట్టి ముక్కు, కళ్లు, జుట్టు (నెత్తి మీది ఎర్ర తురాయి), కాళ్ల పొలుసులు, తోక, నిలబడే తీరు చూసి మార్కులు వేశారు. మా డేగకి రెండో స్థానం వచ్చింది. సిద్దిపేట నుంచి వచ్చిన ఒక తమ్ముడు అక్కడికక్కడే మూడు పిల్లలకి ఆరు వేలు అడ్వాన్స్ ఫోన్‌పే చేశాడు. ఇంకో ఇద్దరు నంబర్ రాసుకున్నారు.

పెట్ట 13 గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంది. 21వ రోజు 11 పిల్లలు లేచాయి. మూడో వారంలో చాచా వచ్చారు. ఒకప్పుడు ముర్గీ చౌక్‌లో పక్షుల వ్యాపారం చేసిన పెద్దాయన, మేమంతా చాచా అనే పిలుస్తాం. గంప ఎత్తి ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో నెత్తి మీద రాశారు. కింద పెట్టి ఇంకోటి తీశారు. అలా పదకొండూ చూశాక మూడింటిని పక్కకి పెట్టారు.

"వీటి నెత్తి చూడు బేటా."

చూశాను. అసీల్‌కి జుట్టు చిన్నగా, నెత్తికి అతుక్కుని, మూడు వరసల బుడిపెల్లా ఉంటుంది. షోల్లో పీ కోంబ్ అంటారు. ఈ మూడింటికీ రంపం పళ్లలా సన్నటి జుట్టు నిలబడుతోంది. మామూలు నాటు కోడికి ఉండేది, కడక్‌నాథ్‌కి ఉండేది.

"తల్లి అసీల్, తండ్రి అసీల్, మరి ఇదెలా చాచా?" అన్నాను.

"పిల్లల్ని కాదు బేటా, వాటి తాతల్ని అడుగు" అన్నారు.

అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. కోడి జుట్టు లెక్క చాలా పాతది. తల్లిదండ్రుల గుణాలు పిల్లలకి ఎలా వస్తాయో చెప్పే మెండెల్ సూత్రాలు జంతువుల్లో కూడా నిజమేనని ఇంగ్లండ్ శాస్త్రవేత్త బేట్సన్ 1902లో చూపించింది కోడి జుట్ల మీదే. పీ కోంబ్ గుణం బలమైనది, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు వచ్చినా పైకి కనిపిస్తుంది. అసీల్‌ని కడక్‌నాథ్‌తో కలిపితే మొదటి తరం పిల్లలన్నిటికీ పీ కోంబే వస్తుంది, కాస్త పెద్దగా ఉంటుందేమో అంతే. అంటే మొదటి తరంలో అబద్ధం కనిపించదు. ఆ పిల్లల్లో రెండింటిని మళ్లీ కలిపితే నాలుగింటికి ఒకటి చొప్పున రంపం జుట్టు బయటికొస్తుంది. నాకు పదకొండింటిలో మూడు వచ్చాయి. నేను కొన్న పుంజులోనూ పెట్టలోనూ, రెండింటిలోనూ బయటి రక్తం ఉంది. బల్ల మీద రెండో స్థానం తెచ్చుకున్న పుంజు సంగతి ఇది. షో జడ్జి కంటికి కనిపించేదానికే మార్కులు వేస్తాడు, తాతలకి వేయలేడు కదా.

అమ్మినవాడికి ఫోన్ చేశాను. కోప్పడలేదు, బుకాయించలేదు. "ఎందుకన్నా అంత టెన్షన్? ఆ మూడింటికీ జుట్టు కత్తిరించేయ్. మానిపోయాక ఎవడు గుర్తుపడతాడు?" అన్నాడు. ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. కోడికి జుట్టులో నిండా రక్తం ఉంటుంది, ఎండాకాలంలో ఒంట్లో వేడిని బయటికి పంపేవాటిలో అదొకటి. మన హైదరాబాద్ మే నెలలో నోరు తెరుచుకుని రొప్పే కోళ్లను చూసినవాడు ఆ మాట అనగలడా? తన అబద్ధం దాచుకోవడానికి పిల్ల నెత్తి కోయమంటున్నాడు.

సిద్దిపేట తమ్ముడికి డబ్బు వెనక్కి పంపి, విషయం చెప్పాను. అతను అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "జుట్టు బాగున్న ఎనిమిదింటిలో మూడు ఇవ్వన్నా. మన ఇద్దరికే తెలుసు కదా." ఇవ్వలేదు. ఆ ఎనిమిదింటిలో కూడా లెక్క ప్రకారం మూడింట రెండు వంతులు లోపల రంపం జుట్టు దాచుకున్నవే. అతను వాటిని పెంచి ఇంకొకరికి అమ్ముతాడు, ఇంకో రెండేళ్ల తర్వాత మరొకరు నాలాగే గంప ఎత్తి చూస్తారు. ఇద్దరికే తెలిసింది ఇద్దరి దగ్గరే ఎలా ఆగుతుంది?

క్రాస్ అనగానే మొహం చిట్లించేవాళ్లకి ఇది చెప్పాలి: పుంజు స్వచ్ఛమా కాదా తేల్చాలంటే క్రాసే చేయాలి. ఆ ఎనిమిదింటిలో ఎదిగిన రెండు పుంజుల్ని వేరువేరు గూళ్లలో రంపం జుట్టు నాటు పెట్టలతో కలిపాను. పుంజు లోపల రంపం జుట్టు దాచుకుని ఉంటే పిల్లల్లో సుమారు సగానికి అది బయటికి రావాలి. ఒకదానికి ఏడు పిల్లల్లో మూడు రంపం జుట్టుతో వచ్చాయి, దాని లెక్క తేలిపోయింది. రెండోదానికి 12 పిల్లలు లేస్తే పన్నెండింటికీ పీ కోంబే. ఎనిమిది వరసగా అలా వస్తేనే పుంజు లోపల రంపం జుట్టు లేదని దాదాపు ఖాయం అనుకోవచ్చు. దీనంతటికీ ఏడాదికి పైగా పట్టింది. చాచాకి చెబితే, "జుట్టు ఒక్కటే తేలింది బేటా, మిగతా ఒళ్లంతా ఇంకా తేలాలి" అన్నారు. నిజమే. అందుకే ఆ పుంజుని కూడా నేను ప్యూర్ అని అమ్మను. నోటుబుక్కులో దాని పేజీ మీద 'తాతలు తెలియదు' అని రాశాను.

ఆ క్రాస్ పిల్లల్ని చేవెళ్ల దగ్గర ఊళ్లో ఉండే మా అత్తమ్మకి ఇచ్చాను. బ్రహ్మాండంగా ఉన్నాయి. క్రాస్ కోడి అంటే తక్కువ కోడి అని నేను ఎప్పుడూ అనను. ఇక్కడే రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ అనే క్రాస్ కోళ్లు ఎన్ని పెరళ్లలో గుడ్లు పెడుతున్నాయో! వాటిని ఎవరూ అసీల్ అని అమ్మడం లేదు, వాటి పేరుతోనే అమ్ముతున్నారు. ఇంకో మాట. బ్రాయిలర్ కనబడితే తిట్టే అసీల్ ప్రేమికులు చాలామంది ఉన్నారు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో 19వ శతాబ్దంలో మన అసీల్‌ని అక్కడి కోళ్లతో కలిపి కార్నిష్ జాతిని చేశారు. అప్పట్లో దాని పేరు ఇండియన్ గేమ్. ఈరోజు చికెన్ షాపులో ఉన్న బ్రాయిలర్‌కి తండ్రి వైపు ఆ కార్నిష్ రక్తమే. క్రాస్ పాపమైతే ఆదివారం మనలో ఎవరూ చికెన్ తినకూడదు.

స్వచ్ఛత పేరుతో చేసే తప్పు ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బయటి రక్తం రాకూడదని తండ్రికి కూతుర్ని, అన్నకి చెల్లెల్ని కలుపుతూ పోతారు. నాలుగైదు తరాలకి గుడ్లు లేవవు, లేచిన పిల్లలకి వేళ్లు వంకరపోతాయి. ఒకాయన నాకు పది గుడ్లలో రెండే లేచిన పెట్టని గర్వంగా చూపించాడు. జాతిని కాపాడటం అంటే అదా? వేరే ఇంటి అసీల్‌ని, వంశం తెలిసినదాన్ని, వెతికి తెచ్చుకోవాలి. మీకు పుంజు దొరకడం లేదన్నారు కాబట్టి చెబుతున్నాను, వీడియోల్లో బ్లడ్‌లైన్ అని అరిచేవాళ్ల దగ్గర కొనకండి. తల్లిదండ్రుల్నే కాదు, వాటి పాత పిల్లల్ని కూడా చూపించమనండి. చూపించలేనివాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. హైదరాబాద్‌లో ప్యూర్ అని అమ్ముతున్నవాటిలో సగానికి పైగా క్రాసులేనని నా గట్టి నమ్మకం.

మాలాంటివాళ్లకి ఇంకో బాధ. అసీల్ పెంచుతున్నానంటే చాలు, పందేలు ఆడతావా అని అడుగుతారు. పందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం, కోడిని పెంచడం నేరం కాదు. ఇంగ్లండ్‌లో 1835లో పందేలు నిషేధించారు, పదేళ్లకి 1845లో లండన్‌లో మొదటి కోళ్ల షో పెట్టారు, 1865కి ఏ జాతి ఎలా ఉండాలో పుస్తకమే అచ్చేశారు. మనకి అసీల్ పుట్టిన నేల ఉంది, అలా అందరూ ఒప్పుకునే పుస్తకం ఒకటి లేక షోకి ఒక కొలత నడుస్తోంది.

మీ పెట్ట విషయానికి వస్తే, అసీల్ పెట్ట ఏడాదికి పెట్టేవే ముప్పై నలభై గుడ్లు. కడక్‌నాథ్‌తో కలిపితే ఆ గుడ్లు అసీల్ పిల్లలకి పోయినట్టే, ఆ లెక్క వేసుకోండి. అయినా కలపాలనుకుంటే కలపండి. పిల్లల కాళ్లకి వేరే రంగు రింగులు వేయండి, పుస్తకంలో రాయండి, అమ్మితే క్రాస్ అని చెప్పి అమ్మండి. తర్వాత మంచి అసీల్ పుంజు దొరికితే వెంటనే గుడ్లు పొదగేయకండి. కడక్‌నాథ్‌ని వేరు చేశాక కనీసం మూడు వారాలు ఆగండి, పాత పుంజు బీజం పెట్ట ఒంట్లో అన్ని రోజులు నిలుస్తుంది. ఆ మూడు వారాల గుడ్లు వండుకు తినేయండి.