ఇంటెడు చాకిరీ చేస్తున్నా వ్యాయామం కావాలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఉండేది కూకట్‌పల్లిలో, ఉద్యోగం అమీర్‌పేటలో. పొద్దున అయిదింటికి లేస్తే రాత్రి పదింటిదాకా నడుం వాల్చే వీలుండదు. మావారు రోజూ పార్కులో గంట నడుస్తారు, నన్నూ రమ్మంటారు. ఇంత పని చేస్తున్నా విడిగా వ్యాయామం అవసరమా? మా అత్తయ్యకు 68 ఏళ్లు. ఆవిడేం చెయ్యాలి?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

సలహా: ఇంటి పనీ శ్రమే అమ్మా. చేస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంతగా ఊపిరి వేగం పెరిగితే అది వ్యాయామం లెక్కలోకే వస్తుంది. వంగి ఇల్లు తుడవడం, నీళ్ల బకెట్లతో మెట్లెక్కడం అలాంటివి. పొయ్యి దగ్గర నిలబడటం, కూరలు తరగడం, మెట్రోలో నిల్చుని వెళ్లడం ఒళ్లు అలిసేలా చేస్తాయి గానీ గుండెకు చాలవు. కాబట్టి విడిగా కొంత కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పింది ఇలా ఊపిరి వేగం పెరిగే శ్రమ వారానికి 150 నుంచి 300 నిమిషాలు. వారంలో ఉన్నవి 10,080 నిమిషాలు. అయినా మీకు దొరకట్లేదంటే తప్పు మీది కాదు. కేంద్రం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 88 నిమిషాలే ఇస్తున్నారు. అది కూడా ఆ పని చేసేవాళ్లను మాత్రమే లెక్కేస్తే! అందుకే మందులచీటీలో రాసినంత గట్టిగా చెబుతున్నాను: వారంలో కనీసం మూడు రోజులు టిఫిను, క్యారేజీలు మీవారు చూసుకోవాలి. ఆ పూట నడక మీది. ఆయన సాయంత్రం నడవొచ్చు. రమ్మని పిలిస్తే సరిపోదు, వచ్చే వీలు కల్పించాలి.

నడకతో పాటు వారానికి రెండు రోజులు కండరాల వ్యాయామం చెయ్యండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి పుషప్స్ చాలు మొదట్లో. నెలసరి ఆగిపోయే దశలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి ఎముకలు త్వరగా గుల్లబారతాయి, అందుకే ఇప్పుడే మొదలెట్టాలి. మీవారికీ నడకొక్కటే చాలదు, ఇవి ఆయనకూ కావాలి.

అత్తయ్యగారు ఓపిక మేరకు నడుస్తూనే, వారానికి మూడు రోజులైనా తూలకుండా నిలదొక్కుకునే సాధన చెయ్యాలి: వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలిపై కాసేపు నిలబడటం, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా అడుగులెయ్యడం. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఆ వయసులో బాత్రూంలో జారిపడి తుంటి విరిగితే మళ్లీ లేచి తిరగడం చాలా కష్టం.

ఇద్దరూ ముందు బీపీ, షుగరు చూపించుకోండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉన్నా, కళ్లు తిరిగినా డాక్టరును కలిశాకే నడక మొదలుపెట్టండి.