బుజ్జీ, నీ రాట్‌వీలర్ పిల్లకు లోకం చూపించు

నాన్నా బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వీడు ఆ మనుషుల్ని పీకే జాతి పిల్లను తెచ్చాడే, ఇంట్లో పాపుంది, నాకు నిద్ర పట్టడం లేదు" అని ఒకటే టెన్షన్. దాని భయాన్ని తీసిపారెయ్యకు. రాట్‌వీలర్ పేరు టీవీలో వినపడేది ఎవర్నో కరిచినప్పుడే కదా. నేను రెండు రాట్‌వీలర్లను పెంచాను. ఒకదాన్ని చేజేతులా పాడుచేశాను, రెండోదాన్ని బాగా పెంచాను. రెండూ ఈ ఇంట్లోనే, ఈ పెరట్లోనే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మొదటివాడు రాజా. "కాపలా కుక్కకు మనుషులు అలవాటు కాకూడదమ్మా, అలవాటైతే దొంగ చెయ్యి కూడా నాకుతుంది" అన్నాడు వాణ్ణి తెచ్చిచ్చినాయన. మీ పెదనాన్న, నేను నమ్మేశాం. రెండు నెలల పిల్లను సపోటా చెట్టు కింద గొలుసుతో కట్టాం. మేమిద్దరం తప్ప వాడికి మనిషి ముఖం తెలియదు. ఏడాది తిరిగేసరికి గేటు చప్పుడైతే చాలు, గొలుసు తెగుతుందేమో అన్నట్టు ఎగిరేవాడు. చూసి ధైర్యం అనుకున్నాం. అది వట్టి భయం. కట్టేసి ఉన్నవాడికి పారిపోయే దారి లేదు, మీద పడటం ఒక్కటే దారి. మూడో ఏట కొబ్బరికాయలు దింపడానికి ఒకతను భుజాన మోకు, చేతిలో కత్తితో వచ్చాడు. ఆరోజే కొక్కెం ఊడింది. పిక్క పట్టేశాడు. వైద్యం చేయించాం, ఇంటికెళ్లి చేతులు పట్టుకుని క్షమించమన్నాం. మచ్చ మాత్రం అతని కాలికి ఉండిపోయింది. రాజా తర్వాత ఆరేళ్లు గొలుసులోనే బతికి గొలుసులోనే పోయాడు. ఆ పాపం కుక్కది కాదు నాన్నా, మాది.

అసలు ఈ జాతి ఏం పనికి పుట్టిందో తెలిస్తే దాని తీరు నీకు అర్థమవుతుంది. జర్మనీలో రాట్‌వైల్ అనే ఊరు ఉంది. అక్కడి కసాయివాళ్లు పశువుల మందల్ని సంతకు తోలడానికి, బండ్లు లాగించడానికి వీటిని పెంచారు. 1910 నాటికి జర్మనీ పోలీసులు కూడా చేర్చుకున్నారు. కళ్లు లేనివాళ్లకు దారి చూపిన రాట్‌వీలర్లూ ఉన్నాయి. మందను తోలిన రక్తం కాబట్టి భుజంతో నెడుతుంది, ఒళ్లంతా నీ కాళ్లకు ఆనించి నిలబడుతుంది. కొత్తవాళ్లు మీదికొస్తోందని హడలిపోతారు. మా రెండోది గౌరి, అన్నం వండుతుంటే నా మోకాళ్ల వెనక అలాగే ఆనుకుని నిలబడేది. ఇంకోటి, నువ్వు నిమురుతుంటే గొంతులో గురగురమంటుంది. అది చాలావరకు సంతోషమే. కాబట్టి ఒక్క చప్పుడు విని తేల్చెయ్యకు, ఒళ్లు చూడు. ఒళ్లు వదులుగా, నోరు తెరిచి, వెనకభాగం ఊపుతుంటే ఫరవాలేదు. కదలకుండా బిగుసుకుపోయి, నోరు మూసుకుని, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తూ గుర్రుమంటే, అది "నన్ను వదిలెయ్" అనడం. అప్పుడు కొట్టకు. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, చెప్పకుండా కరుస్తుంది. నువ్వు వెనక్కి తగ్గి, దేనికి భయపడిందో వెతుక్కో.

ఇప్పుడు అసలు సంగతి. నీ పిల్లకు తొమ్మిదో వారం అంటున్నావు. కుక్కపిల్ల బుర్ర కొత్తదాన్ని సులువుగా ఒప్పుకునేది మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం వరకే. ఆ తర్వాత నేర్పలేమని కాదు, పని పదింతలవుతుంది. అంటే నీకు ఉన్నది అయిదు వారాలు. టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటించొద్దని ఎవరో చెప్పారట. సగం నిజమే. పార్వో అనే వాంతులు, రక్తవిరేచనాల అంటుజబ్బు వస్తే రెండు రోజుల్లో పిల్ల చేతుల్లోనే పోతుంది. వీధికుక్కలు తిరిగే చోట, పార్కుల్లో నేల మీద దింపకు. కానీ ఎత్తుకుని తిప్పడానికి ఏం అడ్డం? భుజాన వేసుకుని కూకట్‌పల్లి రైతుబజారు ముందు పది నిమిషాలు నిలబడు. ఆటోలు, కూరల బండి మైకు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, బుర్ఖా వేసుకున్నవాళ్లు, చేతికర్ర తాతలు, గొడుగులు, వీల్‌చెయిర్, అన్నీ నీ భుజం మీద నుంచే చూడనీ. ఇంట్లో కుక్కర్ కూత, మిక్సీ, గ్యాస్ సిలిండర్ దొర్లించే మోత, లిఫ్ట్ తలుపు. వినాయకచవితి డప్పులు, దీపావళి టపాసుల చప్పుడు ఫోన్లో చాలా చిన్నగా పెట్టి, అన్నం తినేటప్పుడు వినిపించు. రోజుకో రెండు కొత్తవి చాలు, అలసిపోతే నిద్రపోనీ.

గౌరి వచ్చిన వారానికి నా చేతిలోంచి స్టీలు పళ్లెం జారి గచ్చు మీద పడింది. ఆ మోతకు అది రుబ్బురోలు వెనక దూరి ఉచ్చ పోసుకుంది. రాజా రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేదాన్ని. ఈసారి ఎత్తుకుని బయటికి లాగలేదు. ఆ పళ్లెంలోనే నాలుగు కోడిమాంసం ముక్కలు వేసి, నేల మీద పెట్టి, పక్కకు తిరిగి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకున్నాను. పావుగంటకు ముక్కు బయటికొచ్చింది. మెడ సాచి ఒక ముక్క లాక్కుని మళ్లీ లోపలికి. సాయంత్రానికి పళ్లెంలో కాలు పెట్టి నాకింది. వారం పాటు రోజూ పళ్లేన్ని కొంచెం కొంచెం మోతగా పెట్టాను. ఆఖరికి పళ్లెం మోగితే పరిగెత్తుకొచ్చేది. భయపడితే లాగకు, తోయకు. దూరం పెంచు, చేతిలో తిండి ఉంచు, తనంతట తాను రానీ. నాకు తెలిసిన విద్యంతా అంతే.

మచ్చిక చెయ్యడమంటే కనపడ్డ ప్రతివాళ్ల మీదా ఎక్కించడం అనుకునేవు. అలా కాదు. పెద్దయ్యాక మగకుక్క యాభై కిలోలు దాటుతుంది, అది ప్రేమగా దూకినా ముసలాళ్ల తుంటి విరుగుతుంది. మనుషులు పక్కనుంచి పోతుంటే నీ దగ్గర నెమ్మదిగా కూర్చోవడం నేర్పు. ఎనిమిది కిలోలప్పుడు ముద్దుగా ఉండే పని యాభై కిలోలప్పుడు ముద్దుగా ఉండదు.

పాప సంగతి. ఆరేళ్ల పిల్లను, కుక్కను ఒంటరిగా ఒక గదిలో వదలొద్దు, అది ఎంత మంచిదైనా సరే. నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లినా ఇద్దరిలో ఒకరిని వెంటబెట్టుకెళ్లు. అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు పాప ముట్టుకోకూడదు. కౌగిలించుకుని మెడ మీద వాలకూడదు. నువ్వు మాత్రం అది తింటుంటే అప్పుడప్పుడు పక్కగా వెళ్లి గిన్నెలో ఇంకో మంచి ముక్క వేసి వచ్చెయ్. మనిషి దగ్గరికొస్తే తిండి పోదు, పెరుగుతుందని దానికి తెలియాలి.

బెల్టుతో దారికి తెస్తానంటూ ఎవరైనా ట్రైనర్ వస్తే గుమ్మంలోంచే పంపించు. ఎత్తి కిందేసి తొక్కి పెట్టేవాళ్లనూ అంతే.

తిండి విషయంలో పెరుగన్నం ఒక్కటే సరిపోదు. పెద్దజాతి పిల్లలకని అమ్మే తిండి పెట్టు. అది పెడుతూ పైన కాల్షియం పొడులు కలపకు, ఎముకలు పాడవుతాయి. ఉల్లిపాయ వేసిన కూర, కిస్‌మిస్, చాక్లెట్ విషం. నాలుగో అంతస్తు కదా, ఏడాదిన్నర వచ్చేదాకా మెట్ల మీద పరిగెత్తించకు, ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ. ఎండాకాలంలో తెల్లవారుజామునే తిప్పు, నల్లటి ఒళ్లు వేడి తట్టుకోలేదు.

ఇక అపార్ట్‌మెంట్ వాళ్లు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది, అందులో రాట్‌వీలర్ కూడా ఉంది. సంబంధించిన వాళ్లను అడగకుండా చేశారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. ఆ కాగితాలు పట్టుకుని అసోసియేషన్ మీటింగ్‌లో వాదించకు. మున్సిపాలిటీ లైసెన్స్, మూడో నెలలో రేబిస్ టీకా, ఆ కార్డు దగ్గర పెట్టుకో. లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే తర్వాతి ట్రిప్పుకు ఆగు. పట్టీ లేకుండా గుమ్మం దాటించకు, దొడ్డికి ఎక్కడ పోయినా తీసెయ్. వాచ్‌మన్ చేత రోజూ ఒక బిస్కెట్ పెట్టించు. భయపడేవాళ్లకు భయపడే హక్కుంది నాన్నా, వాళ్లను చూసి నవ్వొద్దు.

ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడు ఇవన్నీ మరిచిపోయినట్టు తిరగబడుతుంది. పిలిస్తే రాదు, నిన్నటిదాకా చూసిన చెత్తబండిని చూసి మొరుగుతుంది. వయసు అలాంటిది. కోప్పడకుండా మొదటి నుంచి మళ్లీ నేర్పు. నేనూ గౌరితో ఆ ఆర్నెల్లు విసిగిపోయాను.

ఆదివారం మీ అమ్మ వస్తోంది. దాని ఒళ్లో పిల్లను పడెయ్యకు. మీ అమ్మ ఓ మూల కుర్చీలో కూర్చుని చూస్తే చాలు, వెళ్లేలోపు ఒక్క ముక్క దూరం నుంచి విసిరించు. గౌరి పళ్లెం గుడ్డలో చుట్టి మీ అమ్మతో పంపుతున్నాను, అంచు మీద పంటి గాట్లున్నాయి చూడు. మొదటిసారి గది అవతల నుంచి, చాప మీద పడెయ్యి.

మీ పెద్దమ్మ