గ్యాస్ బాయ్‌కాట్ సరే, ఉద్యోగం పోతే ఆరు నెలలకి సరిపడా డబ్బేది?

ప్రశ్న (పెద్ద మెయిల్, ఇక్కడ కొంతే ఇస్తున్నా. ఇండియా నుంచి చదివేవాళ్ళకి: ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలే, సిలిండర్ కాదు): "అన్నా, మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. నాది హెచ్1బీ, ఒక ఆయిల్ కంపెనీలో ఐటీ కాంట్రాక్టర్‌ని. మా ఆవిడకి ఉద్యోగం లేదు, ఇద్దరు పిల్లలు. ఆఫీసు స్ప్రింగ్‌లో, ఒక వైపు 38 మైళ్ళు. పెద్ద ఎస్‌యూవీ, గ్యాలన్ 3.40 అయ్యేసరికి నెలకి గ్యాస్‌కే 255 డాలర్లు పోతున్నాయి. 15వ తేదీన ఎవరూ గ్యాస్ కొట్టించొద్దని మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ఒక్క పెద్ద కంపెనీ బంకులకే వెళ్ళడం మానేస్తే మిగతావాళ్ళు దారికొస్తారని ఇంకో గ్రూపులో అంటున్నారు. నిజంగా రేటు దిగుతుందా? దిగకపోతే 401కెలో (రిటైర్మెంట్ కోసం జీతంలోంచి దాచుకునే ఖాతా) 20 వేలు లోన్ తీసి, 14 వేల కార్డు బాకీ కట్టేసి, మిగతాది డౌన్ పేమెంట్ లేని హైబ్రిడ్ కొన్నాక ఖర్చులకి ఉంచుకుందామనుకుంటున్నా. ఏమంటారు?"

వద్దంటాను. బాయ్‌కాట్ మీ ఇష్టం, చేసినా చేయకపోయినా నష్టం లేదు. ఆ తర్వాత రాసిన రెండు వాక్యాలు చదివాకే ఈ జవాబు రాయాలనిపించింది, ఎందుకంటే ఇలాంటి మెయిల్ నాకు నెలకి మూడో నాలుగో వస్తాయి, గ్యాస్ అని మొదలెట్టి కార్డు దగ్గర తేలతాయి.

ముందు మీరు అడిగింది. ఆ ఫార్వర్డ్ వయసు మీ పెద్దమ్మాయి వయసుకి రెట్టింపు ఉంటుంది. 1999 ఏప్రిల్ 30న అమెరికా మొత్తం "గ్యాస్ అవుట్" అన్నారు, రేటు మీద ఏమీ కనపడలేదు. 2007 మే 15న మళ్ళీ అదే. అప్పటి మెయిల్ నాకు ఇప్పటికీ గుర్తుంది, దేశంలో అందరూ ఒక్క రోజు మానేస్తే ఆయిల్ కంపెనీల జేబులోంచి 229 కోట్ల 20 లక్షల డాలర్లు పోతాయని రాసి, పక్కనే బ్రాకెట్లో "అంటే దాదాపు 300 కోట్లు" అని పెట్టారు. 1997లో ఇలా చేస్తే రాత్రికి రాత్రి 30 సెంట్లు దిగిందని కూడా రాశారు, అసలు 1997లో అలాంటిదేమీ జరగలేదు. ఆ 15వ తేదీ తర్వాత వారం తిరిగేసరికి దేశం సగటు రేటు 3.10 దగ్గర్నుంచి 3.22 దగ్గరికి చేరింది. బాయ్‌కాట్ వల్ల పెరిగిందని అనను. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

కారణం మీ ఇంట్లోనే ఉంది. మీరు 15న కొట్టించరు. 14 రాత్రి కొట్టిస్తారు, లేదంటే 16 పొద్దున. 16న ఆఫీసుకి వెళ్ళాలిగా! ఆ వారం మొత్తం మీద మీరు కాల్చిన గ్యాలన్లు ఒక్కటి కూడా తగ్గవు. రిఫైనరీవాడికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. పాలవాడి దగ్గర సోమవారం మానేసి మంగళవారం రెండు లీటర్లు పోయించుకుంటే పాల ధర దిగుతుందా?

ఒకే కంపెనీని మానేయడమనే ప్లాన్ వినడానికి తెలివిగా ఉంటుంది గానీ, మీరు ఉండేది హ్యూస్టన్‌లో, మీకైనా తెలియాలి. షిప్ ఛానెల్ పక్కన వరసగా ఉన్న రిఫైనరీల్లోంచి వచ్చే గ్యాస్ ఒకే పైపుల్లో, ఒకే టెర్మినళ్ళలోకి పోతుంది. ట్యాంకర్ ఎక్కేటప్పుడు ఎవరి అడిటివ్ (ఇంజన్ శుభ్రంగా ఉంచే మందు) వాళ్ళు కలుపుకుంటారు, బోర్డు మారుతుంది. మీరు ఆ కంపెనీ బంకు మానేసి పక్క బంకులో క్యూ కడితే, పక్క బంకువాడు అదే టెర్మినల్‌లో ఇంకో ట్యాంకర్ తెచ్చుకుంటాడు. ఇక్కడ మిగిలిపోతే కలోనియల్ పైప్‌లైన్ ఎక్కి తూర్పు తీరానికి పోతుంది, లేదా ఓడెక్కి మెక్సికో పోతుంది. పంపు దగ్గర మీరిచ్చే దాంట్లో సగం దాకా క్రూడ్ (ముడిచమురు) ధరే, అది ప్రపంచ మార్కెట్‌లో తేలేది. ఫెడరల్ ట్యాక్స్ 18.4 సెంట్లు 1993 నుంచి కదల్లేదు, టెక్సస్ ట్యాక్స్ 20 సెంట్లు, అవీ మీ గ్రూపు అడ్మిన్ మాట వినవు.

ఇంకో సంగతి. ఎక్సాన్‌మొబిల్ తన సొంత బంకులు అమ్మేసి రిటైల్ నుంచి తప్పుకుంటానని 2008లోనే చెప్పేసింది. పెద్ద కంపెనీ బోర్డున్న బంకుల్లో చాలావాటికి ఓనరు ఎవరో ఒక చిన్న వ్యాపారి. మన ఊళ్ళో అయితే గుజరాతీ పటేలో, మన తెలుగాయనో కౌంటర్ వెనక కూర్చుని ఉంటాడు. కార్డు ఫీజులు పోను గ్యాలన్ మీద ఆయనకి మిగిలేది కొన్ని సెంట్లు, ఆయన బతికేది లోపల అమ్మే కాఫీ, చిప్స్, కోక్ మీద. మీరు బాయ్‌కాట్ చేసేది ఆయన కాఫీని.

అయితే డిమాండ్ తగ్గితే రేటు దిగనే దిగదా అంటే, దిగుతుంది, బాగా దిగుతుంది. రెండుసార్లు మన కళ్ళ ముందే జరిగింది. 2008 జూలైలో 4.11 ఉన్నది ఆ ఏడాది చివరికి 1.60 చిల్లరకి పడింది. 2020 ఏప్రిల్‌లో దేశంలో గ్యాస్ వాడకం రోజుకి 90 లక్షల పీపాలకి పైన ఉన్నది 50 లక్షల దగ్గరికి వచ్చేసింది, రేటు 1.80 లోపుకి దిగింది, ఏప్రిల్ 20న క్రూడ్ ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాల ధర) అయితే పీపాకి మైనస్ 37 డాలర్లకి పోయింది. అదీ అసలైన బాయ్‌కాట్, ఎవరూ పిలుపివ్వకుండానే. కానీ ఆ నెల దేశంలో నిరుద్యోగం దాదాపు 15 శాతం.

ఇక్కడ కాసేపు ఆగండి. మీరు కోరుకుంటున్న చవక గ్యాస్ వచ్చిన రోజుల్లో ఏం జరిగిందో చూడండి, పైగా మీ క్లయింటు ఆయిల్ కంపెనీ! 2014 మధ్యలో పీపా వంద డాలర్లు దాటిన క్రూడ్ 2016 ఫిబ్రవరికి 30 లోపుకి వచ్చినప్పుడు నేను కేటీలోనే ఉన్నాను. మా ఇంటి దగ్గర బంకులో గ్యాలన్ రెండు డాలర్ల లోపు. ఒక సాయంత్రం పక్క పంపు దగ్గర మనవాడొకతను, గుళ్ళో చూసిన ముఖమే, ట్యాంకు నింపుకుని రసీదు చూసుకుంటూ "పాతిక డాలర్లకి ఫుల్ అయిపోయిందండీ" అన్నాడు. నవ్వుతూ చెప్పాడనుకున్నా. మాట్లాడుతుంటే తెలిసింది, ఆ సోమవారమే ఆయిల్ కంపెనీల ఆఫీసులుండే ఎనర్జీ కారిడార్‌లో అతని టీమ్ మొత్తాన్ని పంపించేశారు. ట్యాంకు నిండుగా ఉంది, వెళ్ళడానికి ఆఫీసు లేదు. హెచ్1బీ, ఇద్దరు పిల్లలు, చేతిలో ఉన్నది ఆఖరి రెండు వారాల జీతం. ఇంట్లో ఇంకా చెప్పలేదన్నాడు.

మీ లెక్కలో మీరు రాసింది చెకింగ్ అకౌంట్‌లో (రోజువారీ ఖర్చుల బ్యాంకు ఖాతా) 2,300 డాలర్లు. ఇల్లు, తిండి, ఇన్సూరెన్స్, కరెంటు, బండి అన్నీ కలిపి తప్పని ఖర్చు నెలకి 6,200. అంటే జీతం ఆగితే మీ దగ్గర ఉన్నది పదకొండు రోజులు. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే వేరేది చూసుకోవడానికో, దేశం వదలడానికో గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారా ఎప్పుడైనా?

నాకు కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన కావాలి, మీ విషయంలో అంటే 37,200. "అరవై రోజుల్లో ఎలాగూ తేలిపోతుందిగా, ఆరు నెలలెందుకు" అని ప్రతి హెచ్1బీ క్లయింటూ అడుగుతాడు. అరవయ్యో రోజు మీరు విమానం ఎక్కినా ఇంటి మార్ట్‌గేజ్ విమానం ఎక్కదు. ఇల్లు అమ్ముడుపోయేదాకా వాయిదాలు కట్టాలి, అమ్మితే ఏజెంటు కమీషన్ ఇవ్వాలి, నాలుగు టికెట్లు కొనాలి, అక్కడ పిల్లల్ని స్కూల్లో చేర్చాలి. వేరే ఉద్యోగం దొరికినా మొదటి జీతం వచ్చేసరికి రెండు నెలలు ఈజీగా పోతాయి.

ఆ 14 వేల బాకీ ఎలా వచ్చిందో మీరే రాశారు. ఆగస్టులో ఏసీ పోయింది, 6 వేలు. హ్యూస్టన్‌లో ఆగస్టులో ఏసీ లేకుండా ఉండమని ఎవరూ చెప్పరు, అది తప్పని ఖర్చే. మిగతాది వేసవిలో ఇండియా టికెట్లు, పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి హాలు. అదీ అర్థమవుతుంది, నేనూ ఆడపిల్ల తండ్రినే, కానీ ఏడాది ముందు తెలిసిన ఫంక్షన్‌ని 27 శాతం వడ్డీ మీద ఎందుకు చేశారో మాత్రం నాకు ఎక్కడంలేదు. నెలకి వడ్డీయే 315 డాలర్లు. గ్యాస్ మొత్తం బిల్లు కంటే ఎక్కువ! మీ బాయ్‌కాట్ చరిత్రలో లేనంత విజయం సాధించి గ్యాలన్ మీద డాలర్ దిగినా మీకు మిగిలేది నెలకి 75. ఆ 315 గురించి ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ రాదు.

ఇప్పుడు ఆ హైబ్రిడ్. మీ ఎస్‌యూవీ మీద ఇంకా 15 వేలు బాకీ, డీలర్ ఇస్తానన్నది 11 వేలు. తక్కువ పడ్డ 4 వేలూ కొత్త లోన్‌లో కలిపేసి, 50 వేలకి 84 నెలలు, 8.5 శాతం. "జీరో డౌన్" అని ఆయన నవ్వుతూ చెప్పే ఉంటాడు. వాయిదా 525 నుంచి 790 దాటుతుంది. హైబ్రిడ్ గ్యాలన్‌కి 38 మైళ్ళు ఇచ్చినా మీకు గ్యాస్‌లో మిగిలేది నెలకి 120. 120 మిగుల్చుకోవడానికి 265 ఎక్కువ కడతారా? అదీ ఏడేళ్ళు! మీ వీసా స్టాంపింగ్ మూడేళ్ళకి ఉంటుంది, బండి లోన్ ఏడేళ్ళకి తీసుకుంటారు. పాత బండికి ఇంకా 31 నెలలే ఉంది, నోరు మూసుకుని అదే నడపండి. కోపంగా అంటున్నానని అనుకోకండి, కోపంగానే అంటున్నా.

401కె లోన్ ఇంకా ప్రమాదం. "నా డబ్బే నేను తీసుకుంటున్నా, వడ్డీ నాకే వస్తుంది" అని ఆఫీసులో ఎవరో చెప్పి ఉంటారు. ఉద్యోగం ఉన్నంతకాలం ఆ మాట కొంత నిజమే. ఉద్యోగం పోతే, ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువు లోపల మిగిలిన బాకీ మొత్తం కట్టాలి, కట్టకపోతే దాన్ని ఆదాయం కింద లెక్కేసి ట్యాక్స్ వేస్తారు, మీ వయసువాళ్ళకి దాని మీద ఇంకో 10 శాతం పెనాల్టీ. అంటే జీతం లేని రోజునే ఆ బాకీ మీ మెడ మీదికి వస్తుంది. ఆయిల్ ధర మీద ఆధారపడిన కాంట్రాక్టులో ఉండి ఈ లోన్ తీసుకోవడం, వాన పడే రోజు చూసి గొడుగు తాకట్టు పెట్టడం లాంటిది.

మీరు మెయిల్ చివర ఊరికే ఒక ముక్క రాశారు, హైదరాబాద్‌లో ఎన్‌ఆర్‌ఈ అకౌంట్‌లో (విదేశాల్లో ఉండేవాళ్ళ రూపాయల ఖాతా) 8 లక్షలున్నాయని, షాద్‌నగర్ దగ్గర ఇంకో వెంచర్‌లో ప్లాట్ బుకింగ్ కోసమని, దానికి నెలనెలా ఇక్కణ్ణించి 700 పంపుతున్నానని. అసలు విషయం అక్కడుంది, మీరు గ్యాస్ గురించి అడిగారు. 27 శాతం బాకీ పెట్టుకుని ప్లాటు కొనడమంటే ఆ ప్లాటుని కార్డు మీద కొన్నట్టే. ఆ 8 లక్షలూ వెనక్కి తెప్పించండి, ఎన్‌ఆర్‌ఈ డబ్బు తెచ్చుకోవడానికి ఇబ్బంది ఉండదు. సుమారు 9 వేల డాలర్లొస్తాయి. 4 వేలు ఒక విడి సేవింగ్స్ అకౌంట్‌లో వేసి, చెకింగ్‌లో ఉన్నదీ కలుపుకుంటే ఒక నెల ఖర్చు అయింది. 5 వేలు కార్డుకి. వడ్డీ అక్కడికక్కడే నెలకి 112 తగ్గుతుంది. మీ బాయ్‌కాట్ కల నిజమైనా రాని డబ్బు ఇది, ఈ వారమే చేతికొస్తుంది.

తర్వాత ప్లాటుకి పంపే 700, ఇప్పుడు కార్డుకి కడుతున్న 460, రెండూ కలిపి కార్డుకే. తొమ్మిది పది నెలల్లో అయిపోతుంది. అది అయ్యాక అదే 1,160 ప్రతి నెలా ఆ విడి అకౌంట్‌లోకి, 37,200 నిండేదాకా. రెండేళ్ళకి పైనే పడుతుంది, తెలుసు. మధ్యలో వెంచర్ వాళ్ళు "రేపట్నుంచి గజం రేటు పెంచుతున్నాం సార్" అని ఫోన్ చేస్తారు, అదీ తెలుసు. ఎత్తకండి.

గ్యాస్ మీద మిగల్చాలనే ఉంటే మెంబర్‌షిప్ ఉన్న హోల్‌సేల్ స్టోర్ బంకులో కొట్టించండి, టైర్లలో గాలి చూసుకోండి, కేటీ నుంచి స్ప్రింగ్ వెళ్ళే ఇంకొకర్ని వెతికి వారానికి రెండు రోజులు కలిసి వెళ్ళండి. కార్‌పూల్ ఒక్కటే నిజంగా గ్యాలన్లు తగ్గించే బాయ్‌కాట్. కంపెనీ ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి విడిగా ఒక టర్మ్ పాలసీ తీసుకోండి, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

15వ తేదీన ట్యాంకు ఖాళీ అయితే ఆ తెలుగాయన బంకులోనే కొట్టించండి, లోపలికెళ్ళి ఒక కాఫీ కూడా తాగండి. 401కె వెబ్‌సైట్‌లో లోన్ ఫారం సగం నింపి సేవ్ చేశానన్నారుగా, ముందు ఇవాళ రాత్రి అది డిలీట్ చేసి నాకు మెయిల్ పెట్టండి.