మూడు షరతులూ ఒకే క్యాండిల్‌లో పడవు, అమ్మడూ

అమ్మడూ,

షేరు ఎప్పుడు కొనాలో చార్టు మీద బాణం గుర్తుతో చూపించమని నువ్వు రాసి పంపిన స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాత్రి నడిపి చూశాను. ఆర్‌ఎస్‌ఐ (ధర ఎంత బలంగా పెరుగుతోందో, పడుతోందో 0 నుంచి 100 దాకా చెప్పే అంకె) 30ని దాటి పైకి రావాలి, ఎంఏసీడీ గీత తన సిగ్నల్ లైన్‌ను, అంటే తన సగటు గీతను దాటాలి, 12 రోజుల ఈఎంఏ (కొత్త ధరలకు ఎక్కువ బరువిచ్చే సగటు) 26 రోజుల ఈఎంఏను దాటాలి. మూడింటినీ ‘యాండ్’తో కట్టేశావు. చార్టు మొత్తం మీద ఒక్క బాణం గుర్తు కూడా రాలేదని నీ టెన్షన్.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ‘దాటడం’ ఒక్క క్యాండిల్‌లో, అంటే చార్టులో ఒక రోజు ధరను చూపే ఒక్క గుర్తులో, జరిగి అయిపోతుంది. ముగ్గురు చుట్టాలు ఒకే నిమిషంలో తలుపు కొట్టాలని నువ్వు కూర్చున్నావు. వాళ్లలో ఒకరు కొడితే చాలు, ఇంకొకరు అప్పటికే ఇంట్లో ఉండాలి, అంతే. ఎంఏసీడీ దాటడాన్ని అలాగే ఉంచు. ఆర్‌ఎస్‌ఐ 30ని దాటి 5 బార్లు (బార్ అన్నా క్యాండిలే) మించకపోతే సరేననుకో. ఎన్ని బార్లయిందో లెక్కపెట్టడానికి ఆమీబ్రోకర్ అనే చార్టు సాఫ్ట్‌వేర్‌లోనూ, ట్రేడింగ్‌వ్యూ వాళ్ల పైన్ స్క్రిప్టు భాషలోనూ ‘బార్స్‌సిన్స్’ అనే ఫంక్షన్ ఉంది. పైన్‌లో అయితే దాన్ని ‘యాండ్’ పక్కన నేరుగా రాయకు. కొత్త వెర్షన్‌లో ఎడమ షరతు తప్పితే కుడివైపు చూడనే చూడదు, దాంతో లెక్క తేడా వస్తుంది. ముందే ఒక వేరియబుల్‌లో పెట్టుకో.

ఇక ఆ ఈఎంఏల షరతు తీసెయ్. 12 ఈఎంఏలోంచి 26 ఈఎంఏ తీసేస్తే వచ్చేదే ఎంఏసీడీ గీత. అది సున్నాని దాటడమన్నా, ఈ రెండు ఈఎంఏలు ఒకదాన్నొకటి దాటడమన్నా ఒకటే. ఒకే సాక్షిని రెండుసార్లు బోనెక్కిస్తున్నావు. పైగా ఆర్‌ఎస్‌ఐ 30 దగ్గర ఉందంటే ధర బాగా పడిందని, అప్పుడు 12 ఈఎంఏ చాలావరకు 26 కిందే ఉంటుంది. దాని బదులు వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) తన 20 రోజుల సగటు కన్నా ఎక్కువ ఉందా అని అడుగు. అది ధరలోంచి పుట్టింది కాదు. నేనూ ఒకప్పుడు ఏడు ఇండికేటర్లు పేర్చి గొప్ప పని చేశాననుకున్నాను, అందులో ఆరు ధరనే తిప్పితిప్పి చెప్పేవి!

ఆర్‌ఎస్‌ఐని చేత్తో రాసినట్టున్నావు. ఆర్‌ఎస్‌ఐని కనిపెట్టిన వైల్డర్ 1978లో ఇచ్చిన లెక్కలో కొత్త బార్‌కి బరువు 14లో ఒక వంతే. నువ్వు వాడిన మామూలు 14 ఈఎంఏలో అది 15లో రెండు వంతులు. అందుకే నీ అంకెలు చార్టుతో కలవట్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆర్‌ఎస్‌ఐ ఫంక్షనే వాడు.

వారాల చార్టు విలువను రోజువారీ చార్టులోకి తెచ్చేటప్పుడు మాత్రం బాగా జాగ్రత్త. నా పాత స్క్రిప్టు ఒకటి బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత ధరల మీద పెట్టిన పరీక్షలో, వెలిగిపోయింది. ఎందుకా అని తవ్వితే, శుక్రవారం ముగింపు ధరను సోమవారమే చదివేస్తోంది. ముగిసిన వారం విలువే తీసుకో. రోజువారీ బాణం కూడా క్యాండిల్ ముగిశాకే వెయ్యి, లేకపోతే మధ్యాహ్నం కనిపించింది సాయంత్రానికి మాయమవుతుంది.

ముందు ఎంఏసీడీ షరతు ఒక్కటే పెట్టి ఎన్ని బాణాలొచ్చాయో లెక్కపెట్టు. తర్వాత ఒక్కో షరతూ కలుపుతూ ఆ అంకె ఎంత తగ్గుతుందో రాసి నాకు పంపు.

మీ మామయ్య