బడి పిల్లల నెలసరి ఆరోగ్యంపై పరిశోధన తలపెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నీ పరిశోధన ప్రతిపాదన నిదానంగా చదివాను. బడికి వెళ్లే ఆడపిల్లల రుతు ఆరోగ్యం మీద, పునరుత్పత్తి ఆరోగ్యం మీద పని చేయాలన్న నీ నిర్ణయం నాకు సంతోషం కలిగించింది. అయితే గణాంక విశ్లేషణకు పేజీలకు పేజీలు కేటాయించిన నువ్వు, ఆ పిల్లలను ఎక్కడ కూర్చోబెట్టి, ఎవరు, ఎలా అడుగుతారన్న విషయాన్ని ఒక్క వాక్యంతో ముగించావు. ఈ రంగంలో చాలాకాలం పనిచేసినదాన్ని కనుక చెబుతున్నాను, నీ అంకెల విలువంతా ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడి ఉంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒకే బెంచీ మీద ముగ్గురిని పక్కపక్కన కూర్చోబెట్టి, ఎదురుగా క్లాస్ టీచర్ నిలబడి ఉండగా ప్రశ్నావళి పంచితే, పిల్లలు టీచర్‌కు నచ్చే జవాబో, పక్కమ్మాయి రాసిన జవాబో రాస్తారు. ఇది ఎవరికైనా తట్టే విషయమే. అంత సులువుగా తట్టని చిక్కు మరొకటి ఉంది. మామూలుగా మనం ‘నీకు నెలసరి మొదలైందా’ అని అడిగి, లేదన్నవారిని నేరుగా చివరి పేజీకి పంపుతాము. అప్పుడు ఆ అమ్మాయి నాలుగైదు నిమిషాల్లో పెన్ను కింద పెట్టేస్తుంది, మిగిలినవారు తలవంచుకుని రాస్తూనే ఉంటారు, దాంతో ఎవరికి మొదలైందో ఎవరికి ఇంకా కాలేదో గది మొత్తానికి తెలిసిపోతుంది. మరుసటి తరగతిలో అడుగుపెట్టేసరికి ఈ కబురు నీకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది, ఇక అక్కడ ఎవరూ ఉన్నది ఉన్నట్టు రాయరు. కాబట్టి నెలసరి మొదలుకానివారి కోసం నిద్ర గురించో ఆటల గురించో అంతే నిడివి గల ప్రశ్నలు సిద్ధం చేసుకో. పై అట్ట అందరికీ ఒకేలా ఉండాలి, పేరుకు బదులు సంఖ్య ఉండాలి, నింపిన కాగితాన్ని ఆ అమ్మాయే కవరులో పెట్టి అంటించి పెట్టెలో వేయాలి. కొందరినే పేరు పెట్టి పిలిచి పక్క గదికి తీసుకువెళ్లే ఆలోచన పూర్తిగా మానుకో.

తల్లిదండ్రుల సంతకం తెచ్చుకుంటే అనుమతి పని పూర్తయినట్టు కాదు. 1964లో ప్రపంచ వైద్య సంఘం ఆమోదించి, ఆ తరువాత పలుమార్లు సవరించిన హెల్సింకి ప్రకటన, పెద్దల సమ్మతితో పాటు పిల్లల సొంత అంగీకారాన్ని కూడా కోరమంటుంది, వద్దంటే ఆ మాటను మన్నించమంటుంది. బడిలో ‘ఇష్టం లేకపోతే రాయనక్కర్లేదు’ అని చెప్పడం తేలికే కానీ, అందరూ రాస్తున్నచోట ఒక్కతే లేచి బయటికి వెళ్లగల ధైర్యం ఏ పిల్లకు ఉంటుంది? ఖాళీ కాగితాన్నే కవరులో పెట్టి ఇవ్వవచ్చని ముందే చెప్పు. గోప్యత గురించి కూడా, ఏది చెప్పినా ఎవరికీ చెప్పబోమన్న హామీ ఇవ్వకు. పిల్లకు హాని జరుగుతోందని తెలిస్తే నువ్వు ఊరుకోలేవు, ఊరుకోకూడదు కూడా. ఆ హద్దును మొదట్లోనే, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

ఇక కొలతల దగ్గరికి వస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వరకు కౌమారమంటుంది, నువ్వు కూడా ఆ వయసువారందరినీ ఒకే గంపలో వేశావు. కానీ నెలసరి విషయంలో అమ్మాయి వయసు కంటే, అది మొదలై ఎంతకాలమైందన్నదే ముఖ్యం. తొలి సంవత్సరాల్లో మెదడుకు, అండాశయాలకు మధ్య హార్మోన్ల సమన్వయం పూర్తిగా కుదురుకోదు, చాలా చక్రాల్లో అండం విడుదల కాదు, అందువల్ల ఆ వయసులో 21 నుంచి 45 రోజుల వ్యవధిని సాధారణంగానే పరిగణిస్తారు. పెద్దవారి కొలమానం పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి కూడా రోగిగా లెక్కకు వస్తుంది. పాలిసిస్టిక్ ఓవరీ, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య గురించి నువ్వు రాసిన భాగం నాకు ఇందుకే నచ్చలేదు. నెలసరి మొదలైన ఎనిమిదేళ్ల లోపు అల్ట్రాసౌండ్ ఆధారంగా ఆ నిర్ధారణ చేయవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి, ఆ భాగం తీసేయి.

‘నీ నెలసరి క్రమంగా వస్తుందా’ అన్న ప్రశ్న కూడా తీసేయి. 26 రోజులకొకసారి ఖచ్చితంగా వచ్చే అమ్మాయి, ప్రతి నెలా తేదీ ముందుకు జరుగుతోంది కనుక క్రమం లేదనే రాస్తుంది. తేదీలు అడుగు, వీలైతే మూడు నెలలపాటు చిన్న క్యాలెండర్ ఇచ్చి గుర్తు పెట్టించు. ఇంట్లో ఎవరికంటా పడకుండా దాచుకునేటంత చిన్నదిగా అది ఉండాలి. రక్తస్రావం ఎంతన్నది తెలుసుకోవడానికి 1990లో వచ్చిన బొమ్మల పట్టిక పనికొస్తుంది. అందులో ప్యాడ్ తడిసిన స్థాయిని బట్టి 1, 5, 20 మార్కులు వేస్తారు, ఒక నెలసరికి మొత్తం 100 లేదా అంతకు మించితే స్రావం అధికమని భావిస్తారు. కానీ గుడ్డ వాడేవారికి, వేరే రకం ప్యాడ్ వాడేవారికి ఆ మార్కులు యథాతథంగా వర్తించవు కనుక, ఎవరు ఏమి వాడుతున్నారో తప్పక రాయించు.

రజస్వల అయిన సగటు వయసు లెక్కించే చోట ఒక లోపం ఉంది. అప్పటికే మొదలైనవారి వయసులను మాత్రమే తీసుకుని సగటు కడితే, ఇంకా మొదలుకానివారు లెక్కలోంచి జారిపోయి, ఆ వయసు ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. ప్రతి అమ్మాయి నుంచి పుట్టిన తేదీ, మొదలైందా లేదా అన్న జవాబు మాత్రమే తీసుకుని, ఏ వయసులో సగంమందికి మొదలవుతోందో ప్రోబిట్ అనే గణాంక పద్ధతిలో అంచనా కట్టు.

బడి మానడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో అతిశయోక్తులన్నీ అక్కడే పేరుకున్నాయి. ‘నెలసరి రోజుల్లో ఎన్ని రోజులు మానేశావు’ అని అడిగితే వచ్చే అంకె వేరు, హాజరు పట్టీ చెప్పేది వేరు. నేపాల్‌లో ఆర్థికవేత్తలు ఆస్టర్, థార్న్‌టన్ చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నెలసరి వల్ల తప్పిన హాజరు బడి సంవత్సరం మొత్తం మీద ఒక్క రోజు కూడా లేదని తేలింది. అంతమాత్రాన సమస్య లేదని కాదు. నొప్పితో తలవాల్చుకుని కూర్చున్న పిల్ల కూడా పట్టీలో హాజరుగానే ఉంటుంది. కాబట్టి మానిన రోజులతో పాటు, తరగతిలో ఉండి కూడా పాఠం వినలేకపోయిన రోజుల గురించి అడుగు, మరుగుదొడ్డికి లోపలి గడియ ఉందా, నీళ్లు వస్తున్నాయా, వాడిన ప్యాడ్ పడేసే చోటు ఉందా అన్నవి నువ్వే స్వయంగా వెళ్లి చూసి రాసుకో. ప్రధానోపాధ్యాయులు ఉన్నాయన్నారని రాసుకోవద్దు.

నమూనా పరిమాణంగా 384 రాశావు. అది విడివిడిగా ఎంచుకున్న వ్యక్తులకు సరిపోయే లెక్క. నువ్వు తీసుకుంటున్నది తరగతులను, ఒకే తరగతి పిల్లల జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. తరగతికి 30 మంది, వారి జవాబులు ఎంత దగ్గరగా ఉంటాయో చెప్పే సారూప్య గుణకం 0.05 అనుకుంటే, 29ని 0.05తో గుణించి 1 కలిపితే 2.45 వస్తుంది, నీ 384ను దానితో గుణిస్తే నీకు కావలసింది దాదాపు 941 మంది. అంతమందిని సమకూర్చుకోలేకపోతే లక్ష్యాన్నే తగ్గించుకో, లెక్కను సాగదీయకు.

హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తానన్నావు, మంచిదే. 12 ఏళ్లు నిండనివారికి డెసిలీటరుకు 11.5 గ్రాములు, నిండినవారికి 12 గ్రాములు హద్దని గుర్తుంచుకో. అయితే తక్కువగా ఉన్న అమ్మాయిని ఎక్కడికి పంపుతావో, ఎవరు చూస్తారో, ఆ ఫలితం ఆమె ఇంటికి ఎలా చేరుతుందో మొదటి సూది గుచ్చకముందే ఖరారు కావాలి. ప్రతిసారీ ప్యాడ్లు వెంటవెంటనే తడిసిపోయే అమ్మాయికి ఐరన్ మాత్రలు ఇచ్చి వదిలేయకూడదు, వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి వంటి రక్తం గడ్డకట్టని లోపాలు ఈ వయసులోనే బయటపడుతుంటాయి. అటువంటివారిని చూడటానికి ఒప్పుకున్న డాక్టర్ లేకపోతే, ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చినా పని మొదలుపెట్టకు.

ప్రశ్నావళిని ఇలా సవరించాక, నీ నమూనాలో లేని కొందరు అమ్మాయిలతో ఒక్కొక్క ప్రశ్నను పైకి చదివించి, ఏమర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకుని రాసిపెట్టుకో. ఆ కాగితాలతో కలిపి కొత్త ప్రతిని నాకు పంపు, నీ గైడ్‌కు ఇచ్చేలోగా మరోసారి చూసిపెడతాను.

ఇట్లు,
మీ అత్తయ్య