ఒకే బీడులో గొర్రెలూ మేకలూ

ప్రశ్న: అమెరికాలోని టెక్సాస్‌లో తొలితరం వలస కుటుంబాలు ఆవులతోపాటు గొర్రెలనూ మేకలనూ ఒకే బీడులో పెంచేవారని చదివాను. కారణమేమిటి? అలాంటి ఒక కుటుంబం గురించి చెప్పగలరా?

జవాబు: ఇందుకు ష్రైనర్ కుటుంబాన్ని మించిన ఉదాహరణ లేదు. చార్లెస్ ష్రైనర్ 1838లో ఫ్రాన్సులోని అల్సాస్‌లో పుట్టి, 1852లో తల్లిదండ్రులతో శాన్ ఆంటోనియో చేరారు. 1869లో కెర్‌విల్‌లో సరుకుల దుకాణం తెరిచారు, 1880లో వై.ఓ. రాంచ్ అనే పెద్ద పశుక్షేత్రాన్ని కొన్నారు. ఆవుల వ్యాపారం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లోనే ఆయన గొర్రెలను నమ్ముకున్నారు, ఇరుగుపొరుగు రైతులకు అప్పులిచ్చి వాళ్లనూ ఆ దారి పట్టించారు. నా దృష్టిలో ఆ కుటుంబం చేసిన అసలు మేలు ఇదే.

కారణం ఆ నేలలోనే ఉంది. ఆ రాంచ్ ఉన్న టెక్సాస్‌లోని ఎడ్వర్డ్స్ పీఠభూమిలో సున్నపురాయి మీద మట్టి పలుచగా ఉంటుంది. గడ్డి కొంత, ఓక్, జునిపర్ పొదలు కొంత. ఆవు ప్రధానంగా గడ్డి మేస్తుంది, గొర్రె పొట్టి గడ్డితోపాటు లేత మొక్కలను కొరుకుతుంది, మేక ముందుకాళ్లు కొమ్మకు ఆనించి నిలబడి ఆకు అందుకుంటుంది. మూడూ కలిసి మేసినా ఒకదాని మేత మరొకటి పెద్దగా లాక్కోదు. అయితే మంద మితిమీరితే ఆ పలుచని నేల తట్టుకోలేదు.

అక్కడి మేకలు ఎక్కువగా అంగోరా జాతివి. 1849లో తుర్కియే నుంచి అమెరికాకు తొలిసారి వచ్చిన ఈ మేకల బొచ్చునే మోహైర్ అంటారు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కత్తిరించిన వెంటనే చలివాన పట్టుకుంటే, ఒంటిమీద రక్షణ లేని మేకలు ఒక్క రాత్రిలో గుంపులుగా చనిపోతాయి. అందుకే వెన్ను పొడవునా ఒక పట్టీ బొచ్చును కత్తిరించకుండా వదిలేసే అలవాటు వచ్చింది.

అంతకన్నా భయపెట్టింది స్క్రూవర్మ్ ఈగ. అప్పుడే పుట్టిన పిల్ల బొడ్డు పచ్చిగా ఉండగానే అక్కడ గుడ్లు పెడితే, పురుగులు బతికున్న కండనే తినేసేవి. కాపరులు రోజూ గుర్రమెక్కి తిరిగి, ఒక్కో పిల్లనూ పట్టుకుని పుండు కడిగి మందు పూసేవారు. 1962లో నైరుతి రాష్ట్రాల్లో సంతానశక్తి లేని మగ ఈగలను లక్షలాదిగా వదిలే కార్యక్రమం మొదలయ్యాకే ఆ బాధ తగ్గుతూ వచ్చింది.

ఆ తరువాత దెబ్బ తీసింది మార్కెట్టే. 1954 నాటి ఉన్ని చట్టం కింద ఉన్ని, మోహైర్ రైతులకు వచ్చే ప్రభుత్వ సాయాన్ని అమెరికా కాంగ్రెస్ 1993లో రద్దు చేయడంతో మోహైర్ మందలు బాగా తగ్గాయి. వై.ఓ. రాంచ్ మాత్రం అంతకు ముందే, 1950ల నుంచే విదేశీ జింకలనూ దుప్పులనూ పెంచుతూ, వేటకూ సందర్శనకూ వచ్చేవారి ద్వారా ఆదాయం సమకూర్చుకోవడం మొదలుపెట్టింది.