నాటడానికి ముందు పీకడం నేర్చుకో

బిడ్డా,

నీ మెసేజ్, ఇంటి ఫోటోలు, నర్సరీ వాళ్లు రాసిచ్చిన లిస్టు అన్నీ చూశాను. ఇల్లు బాగుంది. లిస్టే నాకు నచ్చలేదు. ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, కాగితం పూల మొక్కలు, గజాల లెక్కన పరిచే మెక్సికన్ గడ్డి. ఇవి పెట్టించుకుంటే ఇల్లు విల్లాల బ్రోచర్‌లా ఉంటుంది గాని, వాకిట్లోకి చూస్తే ఏ నెల నడుస్తోందో తెలియదు. "అత్తమ్మా, ఊళ్లో మీ దొడ్లో పూసే పూలు కావాలి" అని అడిగింది నువ్వే కదా. ఆ పూలు నర్సరీల్లో అమ్మరు. వాటిలో చాలావరకు ఇప్పటికే నీ మట్టిలో ఉండి ఉంటాయి.

అందుకే ముందు ఆ జేసీబీని ఆపు. తూర్పు వైపు వదిలిన జాగాను సాఫ్ చేసి, మొరం పోసి చదును చేస్తానని మేస్త్రీ అంటున్నాడని రాశావు. నిరుడు రాలిన గింజలన్నీ పైన రెండు మూడు అంగుళాల మట్టిలోనే ఉంటాయి. దాన్ని గీకి పారేస్తే పూలను కూడా లారీలో ఎక్కించి పంపినట్టే. గడ్డి మందు కూడా కొట్టించకు. ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, వైరు తుంపులు ఏరిస్తే చాలు. ఈ ఒక్క ఏడు ఏమీ నాటకుండా, ఏం మొలుస్తుందో చూడు.

మిరుగు (మృగశిర కార్తె) వానలు పడ్డాక కొద్ది రోజుల్లోనే జాగా అంతా పచ్చబడుతుంది. అప్పుడు మొదలవుతుంది నీకు టెన్షన్, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని. నాటడం ఎవరికైనా వస్తుంది బిడ్డా, ఏది పీకాలో తెలియడమే అసలు పని.

మొట్టమొదట వయ్యారిభామను గుర్తుపట్టు. కాంగ్రెస్ గడ్డి అంటే నీకు తెలుస్తుందేమో. చిన్నప్పుడు ఆకు చీలికలు చీలికలుగా, నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుంటుంది. తర్వాత నిటారుగా లేచి, తెల్లటి చిన్న చిన్న పూలు పూస్తుంది. అమెరికా ఖండం మొక్క. 1950ల్లో పుణె దగ్గర కనబడింది, ఇప్పుడది లేని రోడ్డు లేదు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాని పుప్పొడితో తుమ్ములు, ఆయాసం, ఆకు తగిలితే దురద, దద్దుర్లు. బాబుకు ఆయాసం ఉందన్నావు కాబట్టి దీని మీద జాలి వద్దు. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, గ్లవ్స్ వేసుకుని వేరుతో సహా లాగించు. పూత రానిదైతే ఎరువు గుంతలో వేయొచ్చు. పూత వచ్చినదాన్ని మాత్రం కుప్పగా పడేసి ఎండబెట్టకు, సంచిలో వేసి మూతి కట్టు. మొదటి ఏడు ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే, మరుసటి ఏడు పని బాగా తగ్గుతుంది.

రంగురంగుల గుత్తులతో లాంటానా మొలిస్తే అదీ తీసెయ్. అందంగానే ఉంటుంది, కాని కొన్నేళ్లకు ఇంకో మొక్కకు చోటివ్వదు. పల్లేరును నడిచే దారిలో మాత్రం పీకు. దాని పసుపు పూలు ముద్దుగా ఉంటాయి గాని, ముళ్లు బాబు కాలికి, సైకిల్ టైరుకు రెండింటికీ శత్రువులు.

అలాగని బయటి దేశం మొక్క కనబడితే చాలు పీకెయ్యాలనే పట్టుదల పెట్టుకోకు. గడ్డిచామంతి కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. నేను దాన్ని ఉండనిస్తాను, తేనెటీగలు, చిన్న సీతాకోకచిలుకలు పొద్దంతా దాని మీదే ఉంటాయి. ఆ లెక్కన చూస్తే బతుకమ్మలో పెట్టే బంతి పుట్టిల్లు మెక్సికో. ఇక మిరపకాయ సంగతి ఎత్తితే మన వంటిల్లే ఖాళీ అవుతుంది. పక్క మొక్కను బతకనిస్తుందా లేదా, అదొక్కటే నేను చూసేది.

ఇప్పుడు ఉంచాల్సినవి. గునుగును నువ్వు పువ్వుగానే చూసి ఉంటావు, మొలకగా చూసి ఉండవు. సన్నగా పొడుగ్గా ఉండే ఆకు, కాడ మీద ఒక్కోసారి ఎర్రటి జీర. లేతగా ఉన్నప్పుడు పై చిగుర్లు గిల్లి పప్పులో వేసుకోవచ్చు. గిల్లితే పక్క కొమ్మలు వేసి ఇంకా ఎక్కువ పూస్తుంది కాబట్టి నీకు కూరా, పూలూ రెండూ దక్కుతాయి. ఒకప్పుడు జొన్న చేలల్లో కలుపుగా ఎంత మొలిచేదంటే, ఉచితంగా పీక్కుపొమ్మని రైతులే పిలిచేవాళ్లు. పత్తి చేలకు గడ్డి మందులు వచ్చాక బతుకమ్మకు గునుగును మార్కెట్లో కట్టల లెక్కన కొనే రోజులు వచ్చాయి. నీ జాగాలో మొలవకపోతే బెంగ వద్దు, నా దగ్గర గింజలున్నాయి. నల్లగా నిగనిగలాడుతూ ఆవాల కంటే చిన్నగా ఉంటాయి. గుప్పెడు ఇసుకలో కలిపి, వచ్చే ఏడు మొదటి వాన తర్వాత పైపైన చల్లు. మట్టి కప్పకు, ఎరువు వేయకు.

బతుకమ్మకు కోసేటప్పుడు మొక్కను వేరుతో పీకొద్దు. ఈ మధ్య అందరూ అదే చేస్తున్నారు, తొందర ఎక్కువై. కత్తెరతో కాడలు కోసి, మూడో వంతు పూలు మొక్కకే వదిలెయ్. అవి దీపావళి దాటాక ఎండి గింజ రాలుస్తాయి. అందుకే దసరాకు ముందు ఇల్లు శుభ్రం చేస్తూ ఆ ఊపులో జాగాలోకి దిగొద్దు. మన కాలనీల్లో పూల మొక్కలు పోయేది అప్పుడే, గింజ కట్టకముందే పండగ పేరుతో కోసేస్తారు.

తంగేడు సంగతి వేరే. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశారు, అయినా నర్సరీలో అడిగితే వింతగా చూస్తారు. రోడ్డు పక్కన పూసిన చెట్టును తవ్వి తెచ్చుకుందామని చూడకు. దాని తల్లివేరు లోతుకు పోతుంది, తెగితే మళ్లీ పట్టదు. చలికాలంలో చదునుగా, గోధుమ రంగులో ఎండిన కాయలు కోసి గింజలు తీసి పెట్టుకో. గింజ తోలు గట్టిది. వేడి నీళ్లు పోసి ఒక రాత్రి నాననిచ్చి, వానలు మొదలవగానే పెరగాల్సిన చోటే పెట్టు. గేటుకు రెండు వైపులా పెడితే బాగుంటుంది. మేకలు, పశువులు పెద్దగా ముట్టవు కాబట్టి కంచె అక్కర్లేదు. ఒకసారి నాటుకున్నాక నీళ్లు కూడా పెద్దగా అడగదు, ఎక్కువ పోస్తేనే పాడవుతుంది. ఆకుల మీద పచ్చటి పురుగులు కనబడితే మందు డబ్బా తీయకు. లేత పసుపు, తెలుపు రంగుల్లో గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకల పిల్లలవి. ఆకు తింటే మళ్లీ వస్తుంది.

జిల్లేడు కూడా అంతే. గోడ పక్కన మొలిస్తే ఒకటి ఉంచు, నారింజ రంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది దాని మీదే. కాని పాలు కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి బాబు ఆడే వైపు వద్దు. ఉమ్మెత్త, గురివింద, అడవినాభి మొలిస్తే బాబు పెద్దయ్యేదాకా ఏదీ ఉంచకు. అడవినాభి పువ్వు నిప్పు రవ్వల్లా విచ్చుకుంటుంది, నాకు ఎంతో ఇష్టం, అయినా దాని దుంప ప్రాణం తీస్తుంది.

నేలబారు పూలు చూడాలంటే పొద్దున్నే చెప్పుల్లేకుండా కాకపోయినా, ఫోన్ లేకుండా ఒక్క పది నిమిషాలు తిరుగు. విష్ణుక్రాంతం గోరంత నీలం పువ్వు, ఎండ ముదిరితే ముడుచుకుంటుంది. వినాయక చవితి పత్రిలో కొనే కట్టలో ఉండేది అదే. తుమ్మి తెల్లగా పూస్తుంది, పువ్వు అడుగున తీపి చుక్క ఉంటుంది, బాబుకు పీల్చి చూపించు. చవితినాడు తుమ్మికూర వండడం మీ నానమ్మ నేర్పలేదా? నేను చెప్తాలే, ఫోన్ చెయ్.

పక్కింటి వాళ్లు పాములు, దోమలు అంటారు. దోమలు గడ్డిలో పుట్టవు, నిలిచిన నీళ్లలో పుడతాయి. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, కుండీల కింది పళ్లేలు వారానికోసారి ఖాళీ చెయ్. పాముల మాట మాత్రం కొట్టిపారెయ్యకు. గోడ పొడుగునా, నడిచే దారికి రెండు పక్కలా మూడడుగులు గడ్డి పొట్టిగా కోయించు. ఇటుకలు, కట్టెలు కుప్పలుగా ఉంచకు. చీకటి పడ్డాక టార్చి లేకుండా అటు పోవద్దు. అంచులు అలా నీటుగా ఉంటే లోపల ఏం పెరిగినా కావాలనే పెంచారని వాళ్లకూ అర్థమవుతుంది.

ఎండాకాలం నీ జాగాలో ఏమీ మిగలదు, దానికి బాధపడకు. అప్పుడు చెట్ల వంతు. హోలీ ముందు ఒక ఆదివారం వికారాబాద్ అనంతగిరి వైపో నర్సాపూర్ అడవి దారినో వెళ్లండి, ఆకు లేని మోదుగలు ఎర్రగా పూసి ఉంటాయి. రాలిన పూలు ఏరుకొచ్చి రాత్రి నీళ్లలో మరిగించి ఉంచితే పొద్దుటికి హోలీ రంగు సిద్ధం. ఉగాదికి వేప పువ్వు ఎక్కువ ఏరుకుని నీడన ఎండబెట్టు, ఏడాదంతా చారుకు వస్తుంది. మేలో రేల పూస్తుంది. మీ లేఅవుట్ రోడ్డు మీద చెట్లు పెట్టే మాట వస్తే ఆ పేరు చెప్పు, లేదంటే కానుగ. తేనెటీగలకు రెండూ మంచివే.

ఇంకో మాట. ఫోటోలో నీ గోడ అవతల ఖాళీ ప్లాటులో నాకు తంగేడు పొదలు రెండు మూడు కనబడ్డాయి. ఆ ఓనరు నంబరు సంపాదించు. కట్టుబడి మొదలుపెట్టే ముందు నీకో మాట చెప్పమను, కాయలైనా కోసుకోవచ్చు.

మీ అత్తమ్మ